గడి మారితే లెక్క మారుతుంది: శ్రీకాకుళం డిగ్రీ విద్యార్థులతో విశ్వకిరణాల శక్తి వర్ణపటం గీసిన అనుభవం

మా విద్యార్థులు మొదటిసారి గీసిన విశ్వకిరణాల వర్ణపటం, అంటే ఏ శక్తి ఉన్న కిరణాలు ఎన్ని వస్తాయో చూపే గీత, వాలు 2 దగ్గర తేలింది. శక్తి పెరిగేకొద్దీ ఆ సంఖ్య ఏ ఘాతంతో తగ్గుతుందో చెప్పే అంకే ఈ వాలు. ప్రచురితమైన విలువ అక్కడక్కడా మారుతున్నా 3 చుట్టూనే తిరుగుతుంది. డేటా సరైనదే, ప్రోగ్రాములోనూ తప్పు లేదు, సంఘటనల (నమోదైన ఒక్కో కిరణం ఒక సంఘటన) లెక్క రెండుసార్లు సరిచూసుకున్నదే. అయినా అంకె పూర్తిగా ఒకటి తగ్గింది. ఆ ఒకటి ఎక్కడ పోయిందో వెతుకుతూ మొదలైన పని, ఆ సెమిస్టరు ముగిసేనాటికి శక్తి వర్ణపటాన్ని కొలవడమంటే నిజానికి ఏమిటో మాకందరికీ నేర్పింది. ఆ పనిని జరిగిన క్రమంలో, లెక్కలతో సహా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం ముగ్గురు విద్యార్థులు నా దగ్గరకు వచ్చినప్పుడు, మా ప్రయోగశాలలో ఉన్న పరికరాలతో చేయగలిగిన పాత ప్రయోగాలను పక్కన పెట్టి, అర్జెంటీనాలోని పియరీ ఆజే అబ్జర్వేటరీ 2021 ఫిబ్రవరిలో అందరికీ తెరిచి ఉంచిన విశ్వకిరణాల డేటాను తీసుకుందామని నేనే ప్రతిపాదించాను. అది 2004 నుంచి 2018 దాకా సేకరించిన డేటాలో పదో వంతు. ప్రతి సంఘటనకూ దిశ, నేల మీద నమోదైన సంకేతం, లెక్కగట్టిన శక్తి అందులో ఉంటాయి. ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, ఓపిక ఉంటే చాలు. డిటెక్టర్లు మనవి కానక్కర లేదు.

ముందుగా కొలవవలసిన వస్తువు సంగతి చెప్పాలి. అత్యధిక శక్తి విశ్వకిరణాలంటే 10¹⁸ ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఒక ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టు లేదా క్లుప్తంగా ఒక ఈఈవీ దాటిన పరమాణు కేంద్రకాలు. 100 ఈఈవీ అంటే 16 జౌళ్ళు. ఒక కిలో బరువును మనిషెత్తు, అంటే సుమారు 1.6 మీటర్లు పైకెత్తడానికి పట్టే శక్తి అది. ఆ శక్తంతా కంటికి కనిపించని ఒక్క కేంద్రకంలో ఉంటుంది. అలాంటివి ఎంత అరుదంటే, 100 ఈఈవీ దాటినది ఒక చదరపు కిలోమీటరు నేల మీద శతాబ్దానికి ఒకటి పడవచ్చు. అందుకే ఆజే డిటెక్టర్లు 3,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. ఇప్పటి మా శ్రీకాకుళం జిల్లా విస్తీర్ణంలో అది దాదాపు మూడింట రెండు వంతులు. ఒక్కొక్కటి 12,000 లీటర్ల శుద్ధజలం పట్టే తొట్టెలు 1,660 దాకా, ఒకదానికొకటి 1.5 కిలోమీటర్ల ఎడంతో త్రిభుజాల వలలా అమర్చి ఉన్నాయి. మా ఊళ్ళో ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి గుడికి నడిచే దారిలో ఒకటో రెండో తగిలేంత దూరమని చెప్పాక, విద్యార్థులకు ఆ వల ఎంత పలుచనిదో, అయినా ఎంత పెద్దదో అర్థమైంది.

కేంద్రకం నేరుగా తొట్టెను తాకదు. గాలి పైపొరల్లో ఒక నత్రజని కేంద్రకాన్నో ఆక్సిజన్ కేంద్రకాన్నో ఢీకొని, కొత్త కణాలను పుట్టించి, అవి మళ్ళీ ఢీకొని, నేలకు చేరేసరికి వందల కోట్ల కణాల జల్లుగా కిలోమీటర్ల వెడల్పున కురుస్తుంది. నీటిలో కాంతి కన్నా వేగంగా దూసుకుపోయే కణాలు నీలి చెరెంకోవ్ కాంతిని వెదజల్లుతాయి. ప్రతి తొట్టెలోనూ మసక వెలుగును సైతం పట్టే మూడు ఫోటోమల్టిప్లయర్లు ఆ వెలుగును చూస్తాయి. కొలమానం కూడా ప్రకృతే ఇచ్చింది. నిట్టనిలువుగా తొట్టె గుండా సాగిపోయే ఒక మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే కాని బరువైన కణం) ఇచ్చే వెలుగును ఒకటిగా తీసుకుని, దాన్ని వీఈఎం అంటారు. ఎక్కడైనా, ఎప్పుడైనా మ్యూయాన్లు పడుతూనే ఉంటాయి కాబట్టి ప్రతి తొట్టె తనను తాను నిరంతరం సరిచూసుకుంటుంది.

డేటాలోంచి ఒక్క సంఘటనను తీసి బల్ల మీద పెట్టుకుని ఒక వారమంతా దానితోనే గడిపాము. జల్లు కేంద్రానికి దగ్గరి తొట్టెలో సంకేతం వందల వీఈఎంలు, దూరంగా పోయేకొద్దీ పదులు, ఆపై ఒకటీ రెండూ. ఏ తొట్టె ముందు మోగింది, ఏది వెనక మోగింది అన్న సమయాల తేడా నుంచి కిరణం వచ్చిన దిశ తేలుతుంది. ఇక శక్తికి ఏ అంకెను పట్టుకోవాలి? కేంద్రానికి సరిగ్గా 1,000 మీటర్ల దూరంలో ఉండవలసిన సంకేతాన్ని, అంటే ఎస్1000 అనే విలువను, తొట్టెల అంకెల మధ్య గీసిన వక్రరేఖ నుంచి చదువుతారు. 1,000 మీటర్లే ఎందుకని విద్యార్థులు అడిగారు. ఆ వక్రరేఖ వాలు మనకు ప్రతి జల్లుకూ కచ్చితంగా తెలియదు. నేను చెప్పకుండా, వాలును మూడు రకాలుగా మార్చి అదే సంఘటనకు మూడు గీతలు అమర్చి చూడమన్నాను. దగ్గర్లో, దూరంలో అవి విడిపోయాయి, కిలోమీటరు ప్రాంతంలో మాత్రం మూడూ ఒకదాన్నొకటి దాటుకుంటూ దాదాపు ఒకే విలువ దగ్గర కలిశాయి. తొట్టెల మధ్య దూరం 1.5 కిలోమీటర్లు కావడం వల్ల ఏర్పడే కూడలి అది. మనకు తెలియనిది ఎక్కడ అతి తక్కువగా బాధిస్తుందో అక్కడ కొలవడమనే పద్ధతి నాకెంతో ఇష్టమైనది. విద్యార్థులు దాన్ని సొంత చేతులతో గీసి కనుక్కోవడం నాకు మరింత సంతోషం కలిగించింది.

అయితే ఒకే శక్తి ఉన్న కిరణం నిట్టనిలువుగా వస్తే ఒక ఎస్1000, వాలుగా వస్తే మరొకటి ఇస్తుంది. నిలువు దారిలో గాలి మందం చదరపు సెంటీమీటరుకు సుమారు 875 గ్రాములు. 60 డిగ్రీల వాలులో దానికి రెట్టింపు. ఎక్కువ గాలి దాటిన జల్లు ఎక్కువ నీరసిస్తుంది. దీన్ని సరిచేయడానికి వాడే తర్కం ఎంతో సరళమైనది: విశ్వకిరణాలు అన్ని దిశల నుంచీ దాదాపు సమానంగా వస్తాయి కాబట్టి, ఒక శక్తికి పైన ఉన్న కిరణాల సంఖ్య ఏ కోణంలో చూసినా ఒకటే కావాలి. ప్రతి కోణంలోనూ అదే సంఖ్య వచ్చేలా సంకేతం హద్దును జరుపుకుంటూ పోతే, కోణంతో సంకేతం ఎలా తగ్గుతుందో డేటాయే చెబుతుంది. ఆ తర్వాత ప్రతి సంకేతాన్నీ 38 డిగ్రీల్లో వస్తే ఎంతుండేదో ఆ విలువకు, అంటే ఎస్38కి మారుస్తారు. ఈ 38 ఎక్కడిదని అడిగితే నేను నల్లబల్ల మీద రెండు పంక్తులు రాశాను. చదునైన నేల మీద పడే కిరణాలు కోణపు కొసైన్ వర్గంలో సమంగా పరుచుకుంటాయి. నిలువుకు ఆ విలువ 1, ఈ కొలతకు హద్దైన 60 డిగ్రీలకు 0.25, నడిమి విలువ 0.625, దాని వర్గమూలం 0.79, ఆ కొసైన్ ఉన్న కోణం 38 డిగ్రీలు. పాఠ్యపుస్తకంలో ఎక్కడో ఉండే కొసైన్ ఇలా మూడు వేల చదరపు కిలోమీటర్ల యంత్రంలో పనిచేయడం చూసి వాళ్ళు కాసేపు మాట్లాడలేదు.

ఎస్38 ఇంకా వీఈఎంలలోనే ఉంది. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చాలి. ఆజే డిజైనులో ఆయువుపట్టు నా దృష్టిలో ఇక్కడే ఉంది. జల్లు గాలిలో దిగుతూ నత్రజని అణువులను కదిలిస్తే అవి మసక అతినీలలోహిత కాంతిని వెలువరిస్తాయి. ఆ కాంతి గాలిలో జమ అయిన శక్తికి అనులోమంగా ఉంటుంది. నాలుగు చోట్ల ఉన్న 27 టెలిస్కోపులు ఆ కాంతిని చూసి, దారి పొడవునా కూడి, శక్తిని దాదాపు నేరుగా కొలుస్తాయి. న్యూట్రినోలు, మ్యూయాన్లు నేలలోకి మోసుకుపోయే కనిపించని వాటాగా మరో 12 నుంచి 14 శాతం కలుపుతారు. చిక్కేమిటంటే ఈ టెలిస్కోపులకు చీకటి, తేటతెల్లని ఆకాశం కావాలి; అందువల్ల మొత్తం కాలంలో ఏడో వంతో అంతకు కాస్త ఎక్కువో మాత్రమే పనిచేస్తాయి. మాఘమాసపు తెల్లవారుజామున నాగావళి మీద మంచు కమ్మినప్పుడు అవతలి ఒడ్డు దీపం ఎలా మసకబారుతుందో చూసినవాళ్ళకు, గాలిలోని ధూళిని గంటగంటకూ లేజరుతో ఎందుకు కొలుస్తారో విడిగా చెప్పనక్కర లేదు. తొట్టెలూ టెలిస్కోపులూ రెండూ చూసిన సంఘటనలను ఎంచి, ఒకదానికొకటి ఎదురుగా గీస్తే, శక్తి అంటే ఎస్38ను 1.03 ఘాతానికి పెంచి ఒక స్థిరాంకంతో గుణించినదని తేలుతుంది. ఆ సూత్రంతో మిగిలిన తొట్టెల సంఘటనలన్నిటికీ శక్తి వస్తుంది. కంప్యూటరు అనుకరణల మీద ఆధారపడి ఈ మార్పిడి చేయకపోవడానికి గట్టి కారణముంది: ఇప్పటి అనుకరణలు నిజ జల్లుల్లో కనబడే దాని కన్నా తక్కువ మ్యూయాన్లనే ఇస్తున్నాయి.

ఇక మా పని. సంఘటనలను శక్తి గడుల్లో, అంటే శక్తి పరిధిని విడగొట్టిన అరల్లో లెక్కించాలి, గడి వెడల్పుతో భాగించాలి, ఎక్స్‌పోజరుతో, అంటే ఎంత వైశాల్యంతో ఎంత ఆకాశాన్ని ఎంత కాలం చూశామన్న దానితో భాగించాలి. వాలు 2 వచ్చిన రహస్యం మధ్య మెట్టులోనే ఉంది. గడులు లాగరిథమ్‌లో సమానంగా ఉన్నాయి, పది రెట్లకు పది గడులు. విద్యార్థులు ఆ సమాన వెడల్పుతోనే, అంటే 0.1తోనే భాగించారు. కానీ ప్రవాహాన్ని, అంటే కిరణాల రాకను, ఒక్కో ఎలక్ట్రాన్ వోల్టుకు ఎంతని లెక్కగట్టాలంటే ప్రతి గడికీ ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉన్న నిజమైన వెడల్పుతో భాగించాలి, ఆ వెడల్పు శక్తితో పాటే పెరుగుతుంది. అందుకే ఘాతం సరిగ్గా ఒకటి తగ్గింది. ఈ తప్పు పట్టుకోవడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. జవాబు చెప్పేయాలన్న ఆత్రాన్ని నేను ఆపుకున్నాను, ఎందుకంటే అలా దొరికిన తప్పు ఇక జీవితంలో మళ్ళీ జరగదు.

ఎక్స్‌పోజరులో మరో తప్పు దొర్లింది. 60 డిగ్రీల లోపు ఆకాశపు ఘనకోణం π స్టెరేడియన్లు కాబట్టి వైశాల్యాన్ని దానితో గుణించారు. వాలుగా వచ్చే కిరణానికి నేల వైశాల్యం కొసైన్ మేరకు కుంచించుకుపోతుందన్న సంగతి మరిచారు. అది కలిపితే గుణకం π కాదు, πలో ముప్పాతిక, అంటే 2.36. ఒక్కో తొట్టె వాటా 1.95 చదరపు కిలోమీటర్లు కాబట్టి, తొట్టెకు 4.59 చదరపు కిలోమీటరు స్టెరేడియన్లు వస్తాయి. ప్రచురిత విలువ కూడా అదే. మొత్తం డేటా ఎక్స్‌పోజరు 2018 ఆగస్టు దాకా 60,400 చదరపు కిలోమీటరు స్టెరేడియన్ సంవత్సరాలు. మాది అందులో పదో వంతు. ఈ తప్పు వర్ణపటాన్ని మొత్తంగా పాతిక శాతం కిందికి దించిందే తప్ప దాని ఆకారాన్ని మార్చలేదు. 2.5 ఈఈవీ పైన పడిన ప్రతి జల్లునూ తొట్టెల వల పట్టుకుంటుంది కాబట్టి ఈ భాగం దాదాపు క్షేత్రగణితమే. ఎన్ని పడ్డాయో లెక్కించడం ఈ కొలతలో సులువైన భాగం. పడ్డదాన్ని ఏ గడిలో వేయాలో తేల్చడమే అసలు భాగం.

ఆ అసలు భాగం దగ్గరే మేము ఎక్కువ కాలం నిలిచాము. ప్రతి శక్తి కొలతలోనూ చెదురు, అంటే అసలు విలువకు అటూ ఇటూ పడే తేడా, ఉంటుంది. వర్ణపటం అడుగు గడుల్లో అది సుమారు 20 శాతం, 20 ఈఈవీ దాటాక 10 శాతం లోపు. కొన్ని సంఘటనలు పై గడిలోకి, కొన్ని కింది గడిలోకి జారతాయి, అటూ ఇటూ సమానమే కదా, రెండూ చెల్లు అవుతాయి కదా అని ఒక విద్యార్థి వాదించాడు. అప్పుడు పలాస నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి, ఆమె తల్లి జీడిపప్పు పరిశ్రమలో గ్రేడింగు పని చేస్తుంది, తలెత్తి అంది: "కాదు సార్. మా అమ్మ గ్రేడింగులో కూడా ఇదే జరుగుతాదండీ. చిన్న పప్పు ఎక్కువుంటాది కదా, పెద్ద గ్రేడులో తప్పుగా కలిసిపోయేది కూడా చిన్నదే ఎక్కువ."

అంతకన్నా బాగా నేను చెప్పలేను. విరగని నిండు పప్పును పౌండు తూకానికి ఎన్ని పలుకులు తూగుతాయన్న దాన్ని బట్టి 180, 240, 320 అని గ్రేడులు చేస్తారు. అంకె చిన్నదైతే పలుకు పెద్దది. కంటి అంచనాలో ప్రతి పలుకు విషయంలోనూ పొరపాటుకు సమాన అవకాశమే ఉన్నా, 320 గుట్ట పెద్దది, 180 గుట్ట చిన్నది. పెద్ద గుట్టలోంచి కొద్ది శాతం పైకి జారినా చిన్న గుట్టకు అది పెద్ద చేర్పు. చిన్న గుట్టలోంచి అంతే శాతం కిందికి జారితే పెద్ద గుట్టకు తెలియనే తెలియదు. వర్ణపటంలోనూ శక్తి రెట్టింపైతే గడిలోని సంఖ్య దాదాపు మూడో వంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది కాబట్టి, చెదురు ఎప్పుడూ పై గడులను ఉబ్బిస్తుంది. ఎంత ఉబ్బిస్తుందో చూడడానికి వాలు 3 ఉన్న లక్ష కల్పిత శక్తులను కంప్యూటరులో పుట్టించి, 20 శాతం చెదురు కలిపి మళ్ళీ లెక్కించాము. ప్రతి గడిలోనూ 8 శాతం దాకా ఎక్కువ వచ్చింది. కాగితం మీద లెక్క కూడా అదే చెబుతుంది: వాలులోంచి ఒకటి తీసి, దాని వర్గాన్ని చెదురు వర్గంతో గుణించి, సగం చేస్తే ఉబ్బు వస్తుంది. వాలు 3.29 అయితే అదే చెదురుకు 10.5 శాతం. అందుకే నమోదైన గడుల నుంచి నేరుగా వాలు చదవకూడదు. ఒక వర్ణపటాన్ని ఊహించి, దాన్ని చెదురు గుండా నడిపించి, వచ్చినదాన్ని డేటాతో పోల్చి, ఊహను సవరించుకుంటూ పోవాలి. మేమూ అలాగే చేశాము.

చెదురు కన్నా కఠినమైనది శక్తి స్కేలులోనే ఉన్న అనిశ్చితి. ఆజే స్కేలుకు అది 14 శాతం. చెదురు ఒక్కో సంఘటనకు ఒక్కో తీరున ఉంటుంది. స్కేలు తప్పయితే అన్ని సంఘటనలూ ఒకే దిక్కుకు జరుగుతాయి, ఎన్ని సంవత్సరాల డేటా చేర్చినా ఆ తప్పు తగ్గదు. 14 శాతమే కదా అనిపిస్తుంది. కానీ వాలు 3 ఉన్న చోట శక్తులన్నీ 14 శాతం పెరిగితే ఒక నిర్ణీత శక్తి దగ్గర ప్రవాహం 30 శాతం పెరిగినట్టు కనబడుతుంది. చివర్లో వాలు 5.1కి చేరిన చోట 71 శాతం. జపాన్‌లోని అగాసా ప్రయోగం 100 చదరపు కిలోమీటర్ల వలతో 100 ఈఈవీ పైన 11 సంఘటనలను ప్రకటించినప్పుడు, గ్రైసెన్, జాట్సెపిన్, కుజ్మిన్ అనే శాస్త్రవేత్తలు 1966లో ఊహించిన తెగుదల, అంటే అతి పై శక్తుల్లో కిరణాలు హఠాత్తుగా తగ్గిపోవడం, అసలు లేదేమోనని భౌతికశాస్త్రమంతా ఒక దశాబ్దం పాటు కలవరపడింది. కొత్త కణాలు, కొత్త సిద్ధాంతాలు ఎన్నో పుట్టాయి. అగాసా శక్తి మార్పిడి అనుకరణల మీద ఆధారపడింది; కాంతిని చూసి శక్తి కొలిచే అమెరికాలోని హైరెస్ ప్రయోగం ఆ తెగుదలను చూసింది, 2008లో ఆజే కూడా దాన్ని నిర్ధారించింది. ఇంత పెద్ద వివాదంలో ఎక్కువ భాగం గడి మారిన సంఘటనలదేనని నేను నమ్ముతాను.

ఆజే పూర్తి డేటాతో 2020లో ప్రచురించిన వర్ణపటంలో 2,15,030 సంఘటనలున్నాయి. వాలు మొదట 3.29, చీలమండ అని పిలిచే 5 ఈఈవీ దగ్గర అది 2.51కి మెత్తబడుతుంది, 13 ఈఈవీ దగ్గర 3.05కి మారుతుంది, దీన్ని ఇన్‌స్టెప్ అంటారు. 46 ఈఈవీ దాటాక 5.1తో నిటారుగా దిగిపోతుంది. మా పదో వంతు డేటాలో చీలమండ స్పష్టంగా కనబడింది. చివరి దిగుడు ఉందని చెప్పగలిగాము కాని అది ఏ శక్తి దగ్గర మొదలవుతుందో గట్టిగా చెప్పలేకపోయాము. ఇన్‌స్టెప్ విషయంలో మాత్రం మా మధ్య వాదన జరిగింది. గీతలో ఆ చోట ఒక వంపు ఉన్నట్టే కనబడుతోంది, ప్రచురణలోనూ ఉంది, కాబట్టి మనకూ దొరికిందని రాద్దామని ఇద్దరు విద్యార్థులన్నారు. పూర్తి డేటాతో ఆ వంపు నిజమన్న నమ్మకం 3.9 సిగ్మాలు (యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాటకు ఎన్ని రెట్లో చెప్పే కొలమానం సిగ్మా), డేటా పదో వంతైతే అది పది వర్గమూలంతో భాగించబడి 1.2 సిగ్మాలకు దిగుతుంది. నాణెం వరుసగా రెండుసార్లు బొమ్మ పడడం కన్నా ఆ సాక్ష్యం పెద్ద బలమైనదేమీ కాదు. ముందే తెలిసిన జవాబు కంటిని లాగుతుందని, ప్రాజెక్టు రిపోర్టులో "ఈ డేటాతో నిర్ధారించలేము" అనే రాయాలని నేను పట్టుబట్టాను. వాళ్ళు ఒప్పుకున్నారు, కాస్త నిరాశతోనే.

చివరి గడుల్లో సంఘటనలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అలాంటి చోట వర్గమూలం తీసి అటూ ఇటూ సమానమైన దోషపు గీతలు గీయడం సరికాదు. నాలుగు సంఘటనలున్న గడికి అసలు సగటు 2.1 నుంచి 7.2 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పై గీత పొడుగు, కింది గీత పొట్టి. సున్నా ఉన్న గడిని వదిలేయకుండా అక్కడ పై హద్దును బాణంతో చూపించాము. ఖాళీ గడి కూడా కొలతే.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 700 చదరపు కిలోమీటర్ల మీద 507 సింటిలేటర్లతో, అంటే కణం తాకితే మెరిసే డిటెక్టర్లతో, పనిచేసే టెలిస్కోప్ అర్రే వర్ణపటాన్ని పక్కన పెట్టి చూశాము. రెండింటి శక్తి స్కేళ్ళను మొత్తం 9 శాతం మేర సర్దితే చీలమండ ప్రాంతంలో రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. రెండు ప్రయోగాల స్కేలు అనిశ్చితుల లోపలే ఉన్న సర్దుబాటు అది. కాని అతి పై శక్తుల్లో ఆ సర్దుబాటు చాలదు, ఉత్తరాన చూసే యూటా వర్ణపటం ఎక్కువ దూరం సాగుతుంది. ఆకాశంలోని తేడానా, యంత్రంలోని తేడానా అన్నది రెండు బృందాలూ కలిసి ఇప్పటికీ పరిశీలిస్తున్న ప్రశ్న. తెగుదలకు కారణం కూడా ఇంకా తేలలేదు: విశ్వమంతటా నిండి ఉన్న 2.7 కెల్విన్ సూక్ష్మతరంగాలను ఢీకొని కిరణాలు దారిలోనే శక్తిని పోగొట్టుకుంటున్నాయా, లేక పుట్టినచోటే వాటిని అంతకు మించి వేగిరపరచగల శక్తి లేదా అన్నది వర్ణపటం ఆకారమొక్కటే చెప్పలేదు.

తుది గీతను ప్రవాహాన్ని శక్తి ఘనంతో గుణించి వేశాము. అలా చేస్తే వాలు 3 ఉన్న చోటు చదునుగా కనబడి మలుపులు కంటికి తెలుస్తాయి. గీత పూర్తయ్యాక స్కేలు అనిశ్చితిని ఎలా చూపించాలన్న సందేహం వచ్చింది. పలాస అమ్మాయి మొదట అడ్డంగా 14 శాతం గీత వేసింది. తర్వాత తనే చెరిపేసి, స్కేలు పెరిగితే ప్రతి బిందువూ కుడికి 14 శాతం జరగడమే కాకుండా శక్తి ఘనంతో గుణించినందువల్ల పైకి 30 శాతం కూడా లేస్తుందని లెక్కగట్టి, గ్రాఫు మూలలో ఒక ఏటవాలు బాణం గీసింది. ఆ బాణం పొడవు చీలమండకూ దాని పక్క గడికీ ఉన్న ఎడం కన్నా పెద్ద తక్కువేమీ కాదు. బిందువులన్నీ కలిసికట్టుగా ఆ బాణం వెంట ఎటైనా జరగవచ్చని దాని కింద ఒక్క వాక్యం రాయించి, రిపోర్టు మీద నేను సంతకం చేశాను.